పైన నిప్పు, కింద నిప్పు

పొరుగింటి పుల్లకూర రుచి అన్నారు పెద్దవాళ్ళు. ఆ పొరుగిల్లు ఇటలీలో వున్నా సామెత అబద్ధం కాలేదు. ఏలూరు పవర్‌పేటలో గానీ, తాడేపల్లిగూడెంలో గానీ, ఆఖరికి కొల్లేటి లంకల్లో గానీ పిల్లల పుట్టినరోజు వచ్చిందంటే పులిహోర, పాయసం తర్వాత వినబడే మూడో మాట పిజ్జా. మా అత్తగారి యీడువాళ్ళు "ఇదేం తిండే తల్లీ, రొట్టె మీద కూర ఒలకబోసినట్టు!" అని బుగ్గలు నొక్కుకుంటారు. పిల్లలు మూతి ముడుస్తారు. మధ్యన వున్న మనం రెండు వైపులా సర్దిచెబుతూ నలిగిపోతాం. ఇది ఇంచుమించు అందరిళ్ళలోనూ జరిగే భాగోతమే.

నిజానికి ఆ తగువు రుచి గురించి కాదండీ. "ఇది మనది, అది మనది కాదు" అన్న మాట గురించి. ఆ మాట వంటింట్లో పుట్టి ఊరుకోదు. కోడలు తెచ్చుకున్న అలవాట్ల మీదికీ, పక్కవాటాలో దిగిన కొత్త కాపురం మీదికీ పోతుంది. అంచేత తీర్పు చెప్పేముందు పిజ్జాలో పడే ఒక్కొక్క వస్తువునీ పిలిచి, "నీదే వూరు? మా ఇంటికి ఎప్పుడొచ్చావు?" అని అడిగి చూద్దాం. నేను చదువుకున్నది ఆర్ట్సే అయినా, వంటింటి చరిత్ర మాత్రం పాఠాల్లో ఎవరూ చెప్పలేదు.

ముందు పేరు సంగతి. పిజ్జా అన్న మాట మనకు దొరికే పాత కాగితాల్లో ఒకటి క్రీ.శ. 997 నాటిది. ఇటలీలో గయేతా అనే వూళ్ళో ఒక కౌలుదారు అక్కడి బిషప్పుగారికి క్రిస్మస్‌కు పన్నెండు, ఈస్టర్‌కు పన్నెండు పిజ్జాలు సమర్పించుకోవాలని అందులో రాసివుంది. సంక్రాంతికి రైతు కామందు గుమ్మంలో కొత్త బియ్యం, గుమ్మడికాయ దింపి వెళ్ళడం మనవాళ్ళూ ఎరిగిందేగా! అప్పట్లో మన వేంగి దేశాన్ని జటాచోడ భీముడు ఏలుతున్నాడు. ఆ పిజ్జా మీద టమాటా మాత్రం లేదు. వుండడానికి వీల్లేదు. టమాటా అనేది ఒకటుందని అమెరికా ఖండాల వాళ్ళకు తప్ప అప్పటికి ఎవరికీ తెలియదు.

కొలంబస్ 1492లో సముద్రం దాటాకే టమాటా, మిరపకాయ, బంగాళాదుంప ఇటు వచ్చాయి. ఇటలీలో టమాటా ప్రస్తావన 1540ల నుంచీ కనిపిస్తుంది. చాలాకాలం దాన్ని విషమేమోనని అనుమానించారు, అందానికి తోటలో పెంచుకున్నారు. నేపుల్స్‌లో 1690లలో అంతోనియో లతీని అనే పెద్ద వంటాయన వేసిన పుస్తకంలో టమాటా సాసు వుంది. ఎలా చెయ్యాలన్నాడో వింటే మీకు నవ్వొస్తుంది. టమాటాలు నిప్పుల మీద కాల్చి, తొక్క తీసి, మెత్తగా తరిగి, అందులో ఉల్లిపాయ, మిరపకాయ ముక్కలు, ఉప్పు, నూనె, వెనిగరు, ఒక సువాసన ఆకు వేసి కలపాలట. ఇది మన కాల్చిన టమాటా పచ్చడి కాక మరేమిటి? చింతపండు బదులు వెనిగరు పడిందంతే.

మన సంగతేమిటీ అంటే, మన ఇళ్ళలో తద్దినపు వంటను మించిన చరిత్ర పుస్తకం లేదు. నియమంగా చేసేవాళ్ళ ఇళ్ళలో ఆ రోజున టమాటా రాదు, క్యాబేజీ రాదు, క్యారెట్ రాదు. వాటిని ఇంగ్లీషు కూరలంటారు. మరీ పట్టింపు వున్నచోట మిరపకాయ కూడా మానేసి మిరియాలే వాడతారు. ఎందుకంటే మన తాతముత్తాతలకు అవి తెలియవు కదా! పోర్చుగీసువాళ్ళు 1498లో మన పడమటి తీరం చేరాక వచ్చిన సరుకది. ఇవాళ మిరపకాయ లేని ఆవకాయను వూహించగలమా? టమాటాను మా అమ్మమ్మ రామములగపండు అనేది. పరాయి పండుకు రాముడి పేరు పెట్టి ఇంట్లోకి పిలుచుకున్నారు. పరాయిదాన్ని మనదాన్ని చేసుకోవడం మన పాతవాళ్ళకు బాగానే చేతనయిందన్నమాట.

పిజ్జా గొప్పింటి తిండి అనుకుంటారు గానీ, పుట్టింది మాత్రం పేదల నోట్లో. వందేళ్ళ పైమాటగా నేపుల్స్‌లో ఒకే గదిలో పదిమంది కాపురం. పొయ్యి పెట్టుకోను జాగా లేదు. కూలికి పోయేవాడు వీధిలో ముక్క కొనుక్కుని, నడుస్తూ తినేవాడు. ఫ్రెంచి నవలాకారుడు అలెగ్జాండర్ డూమా 1843లో ఆ వూరి గురించి రాస్తూ, అక్కడి పేదలు చలికాలమంతా పిజ్జాతోనూ, ఎండాకాలమంతా పుచ్చకాయతోనూ గడుపుతారన్నాడు. నూనె వేసింది, జున్ను వేసింది, టమాటా వేసింది, చిన్నచేపలు వేసింది అని రకాలు కూడా లెక్కపెట్టాడు. ఇవాళ తిని ఎనిమిది రోజులకు డబ్బిచ్చే ఖాతా పిజ్జా కూడా వుండేది. మన కిరాణాకొట్టు పద్దు లాంటిదే.

ఈ సంగతులు రాసినవాళ్ళలో నాకు బాగా నచ్చిన మనిషి మాటిల్డే సెరావో. నవలలు రాసింది, భర్తతో కలిసి 1892లో పత్రిక పెట్టింది. 1884లో నేపుల్స్‌లో కలరా వచ్చి వేలమంది పోయినప్పుడు, సర్కారువారు మురికివాడలు పడగొడితే చాలనుకున్నారు. ఆ సందుల్లో మనుషులు ఏం తింటున్నారో, ఎలా బతుకుతున్నారో ముందు చూడండయ్యా అని ఆవిడ ఒక పుస్తకమే రాసింది. అందులో పిజ్జా వుంది. పిజ్జాను రోము నగరానికి తీసుకెళ్ళి కొట్టు పెట్టిన ఒకాయన కథా వుంది. మొదట జనం విరగబడ్డారట, తర్వాత తగ్గిపోయారట, చివరకు దివాలా. వూరు దాటితే ఆ రొట్టె రుచి మారిపోయిందని ఆవిడ అభిప్రాయం. పాపం, పిజ్జా ఖండాలు దాటి ఏలూరు దాకా వస్తుందని ఆవిడ కలగనలేదు.

తర్వాత 1889లో రాణీగారి కథ. ఇటలీ రాణి మార్గరీటా నేపుల్స్ వచ్చినప్పుడు రఫేలే ఎస్పొజితో అనే అతను టమాటా ఎరుపు, జున్ను తెలుపు, ఆకు పచ్చ కలిపి జెండా రంగుల్లో పిజ్జా చేసి పెట్టాడనీ, అది ఆవిడకు నచ్చిందనీ, అందుకే దాని పేరు మార్గరీటా అనీ చెప్పుకుంటారు. కోటనుంచి వచ్చిందంటున్న మెప్పు ఉత్తరం అసలుదేనా అని చరిత్రకారులు కొందరు సందేహపడ్డారు. అలాంటి రొట్టె అంతకుముందూ వుందంటారు. నాకు పట్టుకున్నది వేరే సంగతి. ఎస్పొజితో భార్య మరియా జొవాన్నా బ్రాందీ. ఆ కొట్టుకు ఇప్పుడున్న పేరు బ్రాందీ, ఆవిడ పుట్టింటి పేరు. కానీ కథ చెప్పేటప్పుడు మాత్రం తిన్న రాణి పేరు, వడ్డించిన మగాడి పేరు ముందొస్తాయి. వంటింటి చరిత్రలో ఆడవాళ్ళ పేర్లు అడుగున పడిపోవడం అక్కడైనా, ఇక్కడైనా ఒకటే.

సరే, పిండి సంగతి చూద్దాం. మనది వరి దేశం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారాక డెల్టాలో వరి తప్ప మరో మాట లేదు. గోధుమపిండి పథ్యానికో, పూరీకో డబ్బాలో కాస్త వుండేది. అది సంచులకొద్దీ జనం ఇళ్ళలోకి వచ్చింది కరువు రోజుల్లో. 1956లో అమెరికాతో కుదిరిన పి.ఎల్. 480 ఒప్పందం కింద ఓడల్లో గోధుమలు దిగాయి. 1966లో దేశం దిగుమతి చేసుకున్న ధాన్యాలు కోటి టన్నుల దాకా వుంటాయి. రేషన్ గోధుమలతో ఏం చెయ్యాలో తెలియక మా అమ్మమ్మ యీడువాళ్ళు నూక పట్టించి ఉప్మా చేశారు, అట్లు పోశారు. ఇష్టపడి తెచ్చుకున్నది కాదది. ఆకలికి తలొగ్గి తీసుకున్నది. ఆ చేదు తెలియదు కాబట్టే ఇవాళ్టి పిల్లలు మైదాను సంబరంగా పిసుకుతారు.

పిండి పులవడానికి వేసే ఈస్టు చూసి భయపడేవాళ్ళున్నారు. ఇడ్లీపిండి రాత్రి గిన్నెడు వుండి తెల్లారేసరికి మూత తోసుకుని వచ్చిందంటే ఎవరు చేసిన మాయ? కంటికి కనిపించని జీవులదే. గోవాలో పోర్చుగీసువాళ్ళకు ఈస్టు దొరక్కపోతే కల్లు పోసి రొట్టెలు పొంగించారు. తాటిచెట్లకు మనకేం కరువా చెప్పండి!

ఇక జున్ను. అసలైన చిక్కంతా ఇక్కడే. మనకు జున్నంటే ఈనిన గేదె మొదటిపాలతో బెల్లం, మిరియాలు వేసి చేసుకునేది. పాలు విరిగాయంటే అపశకునంగా మొహం పెట్టే ఇళ్ళు మనవి. అలాంటిది పాలను పనిగట్టుకుని విరగ్గొట్టి తినడమా అని పెద్దవాళ్ళకు ఎబ్బెట్టు. కానీ నేపుల్స్ చుట్టుపక్కల చేసే పేరుపడ్డ మొజరెల్లా జున్ను గేదెపాలదే. ఆ గేదె ఎక్కడిదనుకున్నారు? నీటిగేదెను మొదట మచ్చిక చేసింది మన ఉపఖండంలోనే. ఇక్కణ్ణుంచి పడమటి దేశాల మీదుగా సాగి మధ్యయుగాల్లో ఇటలీ బురదనేలలు చేరింది. మన కొల్లేటి గట్టున మెడలోతు నీళ్ళలో పడుకుని నెమరువేసే గేదెకు ఇటలీ గేదె దూరపు చుట్టమే సుమండీ! ఆ తెల్లజున్ను మీద వేసే ఆకు కూడా తెలిసినదే. మనం వేసవిలో సబ్జాగింజలు నానబెట్టుకుంటామే, ఆ జాతి మొక్క ఆకే అది. తులసికి దగ్గర బంధువు.

ఇప్పుడు అసలు సంగతికొస్తున్నాను. నిప్పు.

నేపుల్స్‌లో పిజ్జా పొయ్యి మట్టీ ఇటుకల గుమ్మటం. లోపల కట్టెలు మండుతాయి. వేడి 480 డిగ్రీల పైచిలుకు. నేల వేడికి రొట్టె అడుగు కాలుతుంది, గుమ్మటం తిప్పికొట్టిన వేడికి పై భాగం కాలుతుంది. నిమిషం, నిమిషంన్నరలో పని అయిపోతుంది. ఈ పనితనాన్ని 2017లో యునెస్కో మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది.

మరి మన గోదావరి జిల్లాల దిబ్బరొట్టె? ఒక వంతు మినప్పప్పు రుబ్బి, రెండు వంతులు బియ్యపునూక కలిపి, మందపాటి మూకుట్లో నూనె పోసి, నాలుగువేళ్ళ మందాన పిండి వేస్తారు. మూత పెట్టి, ఆ మూత మీద కణకణలాడే నిప్పులు పరుస్తారు. కింద నిప్పు, పైన నిప్పు. అడుగూ పైనా ఎర్రగా కరకరలాడుతూ, లోపల దూదిలా వుంటుంది. దాన్ని చెరుకుపానకంలో ముంచుకు తిన్నవాళ్ళకు స్వర్గం బెత్తెడు దూరమే. పిజ్జాకు ఉరుకులు పరుగుల మంట కావాలి, దిబ్బరొట్టెకు నిదానపు సెగ కావాలి. తేడా అంతే. రెండు వైపులా వేడి కావాలన్న రహస్యం నేపుల్స్ వాళ్ళకెంత తెలుసో, కొబ్బరిచిప్పల బొగ్గుల్ని పట్టుకారుతో మూత మీద సర్దిన మన అమ్మమ్మలకూ అంతే తెలుసు. యునెస్కోవాళ్ళు మన వీధికి రాలేదు, ఏం చేస్తాం!

ఆ పైనిప్పు ఎప్పుడు పోయిందంటారు? గ్యాసుపొయ్యి వచ్చినప్పుడు. వూళ్ళలో పేదిళ్ళకు కూడా 1999లో దీపం పథకం కింద గ్యాసు కనెక్షన్లు అందాయి. పొగచూరిన వంటిళ్ళలో కళ్ళు నలుపుకుంటూ వండిన ఆడవాళ్ళకు అది ఎంత పెద్ద వరమో నేను వేరే చెప్పనక్కర్లేదు. ఊకపొయ్యి ముందు మళ్ళీ కూర్చోమంటే నేను కూర్చోను, మీరూ కూర్చోరు. కానీ గ్యాసులో బొగ్గులు మిగలవు. బొగ్గులు లేవు గనక మూత మీద నిప్పు లేదు. అప్పట్నుంచీ దిబ్బరొట్టెను తిరగేసి రెండోవైపు కాల్చుకుంటున్నాం. రుచి కొంత తగ్గింది, కళ్ళు దక్కాయి. ఈ బేరంలో లాభమెంత, నష్టమెంత అన్నది ఎవరికి వారు వేసుకోవలసిన లెక్క. లెక్కే లేకుండా మరిచిపోవడం మాత్రం నాకు కష్టంగా వుంటుంది.

మన దేశంలో పెద్ద పిజ్జా కంపెనీల కొట్లు 1996లో బెంగుళూరు, ఢిల్లీల్లో మొదలయ్యాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి కొట్లన్నీ మూతపడ్డాక ఇళ్ళలో పిజ్జా చేసుకోవడం ఎక్కువయింది. ఓవెన్ లేనివాళ్ళం ఎలా చేసుకుంటామో చెబుతాను. రెండు కప్పుల మైదా, లేదా సగం మైదా, సగం గోధుమపిండి. ముప్పాతిక కప్పు గోరువెచ్చని నీళ్ళలో చెంచాడు పంచదార, చెంచాడు ఈస్టు వేసి నురగ వచ్చేదాకా ఆగి, ఉప్పు, రెండు చెంచాల నూనెతో పిండి కలపాలి. పది నిమిషాలు బాగా మర్దించి తడిగుడ్డ కప్పితే మన ఎండలకు గంటలో రెట్టింపవుతుంది. సాసుకు అరడజను పండు టమాటాలు, నాలుగు వెల్లుల్లి రేకలు, ఎండుమిరపకాయ, ఉప్పు. నీరు ఇగిరి దగ్గరపడేదాకా మగ్గనివ్వాలి. తొందరపడి పల్చగా దించితే రొట్టె తడిసి ముద్దవుతుంది. ఉల్లిపాయ ముక్కలంటారా, తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్టు పక్కన వుండగా మనకేం లోటు!

జున్ను సాగాలంటే కొన్నదే వేయనక్కర్లేదు. కాచని చిక్కని గేదెపాలు వేలు పట్టలేనంత వేడి కాకముందే వెనిగరు కొద్దికొద్దిగా పోస్తే ముద్దకడుతుంది. దాన్ని బాగా మరిగిన నీళ్ళలో ముంచి, గరిటెతో పిసికి సాగదీస్తే తీగలు సాగుతుంది. ముందే కాచిన పాలతో చేస్తే విరుగుడే వస్తుంది, సాగదు. ఇక కాల్చడం. పైన నిప్పు లేదన్నది గుర్తుంచుకోవాలి. అంచేత పెనం మీద రొట్టెను ఒకవైపు కాల్చి, తిరగేసి, కాలిన వైపున సాసు, ముక్కలు, జున్ను వేసి మూతపెట్టి సన్నసెగన వుంచాలి. మన దిబ్బరొట్టెకు గ్యాసు నేర్పిన పాఠమే ఇటలీ రొట్టెకూ పనికొస్తుంది.

పైన ఏం వేస్తారన్నది మీ ఇష్టం. డూమా చూసిన నేపుల్స్‌లో చిన్నచేపలు వేశారు గనక, మా వైపు చేప ముళ్ళు తీసి వేసినా, రొయ్యలు వేసినా ఎవరూ తప్పుపట్టనక్కర్లేదు. కానీ ఆ రొయ్యను కూడా "నీదే వూరు?" అని అడగండి. ఇప్పుడు చెరువుల్లో విస్తారంగా పెంచే వెనామీ రొయ్య 2009లో మన దేశంలో పెంపకానికి అనుమతి పొందింది. దాని పుట్టిల్లు అమెరికా ఖండాల పసిఫిక్ తీరం. టమాటా, మిరపకాయ వచ్చిన వైపు నుంచే వచ్చిందన్నమాట!

ఇక్కడ మాత్రం నాకు నవ్వు రాదు. కొల్లేరంటే కొర్రమేను, వాలుగ, ఇంగిలాయి, మట్టగిడస అని పెద్దవాళ్ళు వేళ్ళు మడిచి చెప్పేవారు. 1970లు, 80లలో సరస్సు లోపల చేపల చెరువుల గట్లు లేవడం మొదలైంది. 1999లో 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రాంసార్ జాబితాలో చేరింది. 2006లో ప్రభుత్వం గట్లు పేల్చివేయించింది. గట్లు కట్టినవాళ్ళకూ, వాటి మీద కూలి దొరికినవాళ్ళకూ, వలేసుకు బతికిన వడ్డీలకూ ఎవరి కష్టం వారిది. అదంతా రొట్టె ముక్కతో తేల్చే తగువు కాదు. ఒక్కటి మాత్రం నిజం. టమాటా వచ్చి మన ములక్కాడను తరిమెయ్యలేదు, మిరపకాయ వచ్చినా మిరియం మిగిలింది. పాతదానికి చోటు వుంచి వచ్చిన కొత్త ఎప్పుడూ మనదైపోయింది. పాతదాన్ని తోసేసే కొత్త దగ్గరే జాగ్రత్త కావాలి.

అందుకని మీ అమ్మాయి పిజ్జా చేస్తానంటే అడ్డుపడకండి. పిండి పిసకనివ్వండి, వంటింట్లోకి అబ్బాయిని కూడా పిలవండి. పక్కనే మీ అత్తగారినో, మేనత్తనో కుర్చీ వేసి కూర్చోబెట్టి, దిబ్బరొట్టెకు నూక ఎంత, మినప్పప్పు ఎంత, ఎన్ని గంటలు నానాలి, మూత మీద నిప్పు ఎంతసేపుండాలి అని అడిగి ఓ నోటుపుస్తకంలో రాయించండి. నూజివీడు ఆడపడుచు మాలతీ చందూర్‌గారు నవలలు రాసిన చేత్తోనే వంటల పుస్తకమూ రాస్తే తెలుగిళ్ళలో తరాలపాటు నిలిచింది. మనం అంత పని చెయ్యలేకపోయినా, ఇంటికొక నోటుపుస్తకం చాలు. పైన ఆవిడ పేరు రాయించడం మాత్రం మరిచిపోకండేం!